కొండని మనమే కూలగొట్టి "ఊహించలేదు" అంటే ఎలా?

గనుల ప్రమాదాల వార్తలు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది: "ఊహించని". ఊహించని ప్రకంపన. ఊహించని బురద. ఊహించని భూగర్భ పరిస్థితులు. 2025లో ఆరు వారాలు తిరక్కుండా రెండు పేరుమోసిన రాగి గనుల్లో పదముగ్గురు పోయారు. జులై 31న చిలీలోని ఎల్ టెనియెంటెలో ఆరుగురు, సెప్టెంబరు 8న ఇండొనేషియాలోని గ్రాస్‌బెర్గ్‌లో ఏడుగురు. రెండు చోట్లా తవ్వేది ఒకే కుటుంబానికి చెందిన పద్ధతిలో. దాన్ని బ్లాక్ కేవింగ్ అంటారు. కొండని కిందనుంచి కోసి, దాని బరువుతో దాన్నే కూలనిచ్చి, కూలిన రాయిని అడుగునుంచి తోడుకోవడం. అంటే అక్కడ కూలడం ప్రమాదం కాదు, అదే ప్లాను! కూల్చడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు, ఒకరోజు అది తమకిష్టం లేని చోట కూలితే "ఊహించలేదు" అనొచ్చా? అనకూడదని నా వాదన.

ముందే ఒక మాట చెప్పేస్తే పనైపోతుంది. నేను మైనింగ్ ఇంజనీరుని కాను. బీటెక్‌లో సివిల్ చదివి, మా బ్యాచ్‌లో చాలామందిలాగే సాఫ్టువేరులోకొచ్చి పడ్డవాణ్ణి. రాళ్ళ పిచ్చి మాత్రం వదల్లేదు. "నీకెందుకయ్యా ఈ గనుల గోల, కోడ్ రాసుకోక" అనేవాళ్ళకి నా జవాబు ఒకటే: మీరిప్పుడు ఈ టపా చదువుతున్న కంప్యూటర్లోనూ, ఇది వచ్చిన సర్వర్లోనూ, ఆ సర్వరుకి కరెంటు మోసుకొచ్చిన తీగల్లోనూ రాగి ఉంది. "క్లౌడ్" అని పేరు పెట్టుకున్నాం గానీ దాని వేళ్ళు కిలోమీటరు లోతు సొరంగాల్లో ఉన్నాయి. కాబట్టి ఇది మన గోలే.

ఇంతకీ ఏం చేస్తారు?

భూమిలో కిలోమీటరు లోతున పెద్ద ఖనిజపు ముద్ద ఉందనుకోండి. వందలాది మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు. అందులో రాగి నూటికి ఒక పాలు కూడా ఉండదు. పైనుంచి గొయ్యి తవ్వుకుంటూ పోతే పనికిరాని రాయి తియ్యడానికే ఆస్తులు అమ్ముకోవాలి. ఒక్కో గది తవ్వి, పేల్చి, మళ్ళీ పూడ్చే పద్ధతులకి ఈ నాసిరకం ఖనిజం ఖర్చు గిట్టదు. అందుకని ముద్ద అడుగున రెండు అంతస్తులు వేస్తారు. పై అంతస్తులో రాయిని పేల్చి అడ్డంగా ఒక కోత కోస్తారు, అదే అండర్‌కట్. కింది అంతస్తులో గరాటుల్లాంటి గుంటలు, వాటి నోళ్ళ దగ్గర డ్రాపాయింట్లు. కోత తగినంత పెద్దదయ్యాక పైనున్న రాయి తనంతట తానే పగిలి రాలడం మొదలెడుతుంది. లోడర్లు దాన్ని ఎత్తి క్రషర్లో పోస్తాయి. కింద తీసేకొద్దీ పైన కూలుతుంది. అలా ఏళ్ళ తరబడి కూలుతూ కూలుతూ చివరికి నేల పైదాకా వస్తుంది.

చూడ్డానికి అద్భుతం. పేలుడు మందు ఖర్చు తక్కువ, మనుషులు తక్కువ, టన్నులు ఎక్కువ. గురుత్వాకర్షణ జీతం అడగదు కదా.

కిటుకంతా "తగినంత పెద్దది" అన్న మాటలో ఉంది. దానికో కొలత ఉంది, హైడ్రాలిక్ రేడియస్. కోసిన వైశాల్యాన్ని దాని చుట్టుకొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య. 200 మీటర్ల చతురస్రం కోస్తే 40,000ని 800తో భాగించాలి, 50 మీటర్లు. అదే వైశాల్యాన్ని 400 బై 100గా కోస్తే 40 మీటర్లే. సన్నగా పొడుగ్గా ఉన్న కప్పు నిలబడిపోతుంది, చదరంగా ఉన్నది కూలుతుంది. రాయి ఎంత గట్టిదైతే అంత పెద్ద సంఖ్య కావాలి. డెనిస్ లాబ్షర్ అనే ఇంజనీరు రాతి నాణ్యతని ఒకవైపు, ఈ సంఖ్యని ఇంకోవైపు పెట్టి గీసిన పటం మీద ఆధారపడి ప్రపంచంలో చాలా గనులు డిజైన్ చేశారు. పాత గనుల అనుభవాన్ని చుక్కలుగా పెట్టి మధ్యలో గీతలు గీసిన పటం అది. మంచి పటమే. కానీ మీ కొండ ఆ చుక్కల్లో ఒకటి కాదు.

మరి మీ కొండ సంగతి ఎలా తెలుస్తుంది? బోర్లు వేసి, రాతి కడ్డీలు బయటికి తీసి చూస్తారు. కడ్డీ వ్యాసం ఆరు సెంటీమీటర్ల చిల్లర. వంద మీటర్లకొక బోరు వేశారనుకోండి. లెక్కేస్తే, పదివేల చదరపు మీటర్ల రాతిలో మనం కళ్ళారా చూసింది కోటి భాగాల్లో మూడు. మిగతాదంతా అంచనా. కోటి లైన్ల కోడ్‌లో మూడు లైన్లు చదివి రివ్యూ అయిపోయిందని సంతకం పెడతారా?

పైపెచ్చు, ఇది రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్. టెస్ట్ సర్వరు లేదు. మొదటి టన్ను బయటికి రాకముందే ఏళ్ళ తరబడి సొరంగాలు తవ్వాలి, వేల కోట్లు పొయ్యాలి. డ్రాపాయింట్లు ఎక్కడో ముందే తేలిపోతుంది. కూలడం మొదలయ్యాక ఆపి, "ఇంకోలా చేద్దాం" అనడానికి ఉండదు. అందుకే ఇక్కడ "చూద్దాంలే" అనే ధోరణి మనుషుల్ని చంపుతుంది. ఎలా చంపుతుందో మూడు రకాలు చెబుతాను. మూడూ పాతవే. నా కోపానికి కారణం అదే.

ఒకటి: కూలనిది

వింతగా ఉంటుంది గానీ, కూలకపోవడమే మొదటి ప్రమాదం. పగిలిన రాయి వదులుగా ఉంటుంది కాబట్టి ఎక్కువ చోటు తీసుకుంటుంది. నూరు ఘనపు మీటర్ల రాయి పగిలి నూట ఇరవై అయిందనుకుంటే, ఆ అదనపు ఇరవై మాత్రమే మీరు తియ్యొచ్చు. అప్పుడు కుప్పకీ కప్పుకీ మధ్య పెద్ద ఖాళీ రాదు. పైన కూలడం ఆగిపోయి, కింద మీరు తీస్తూనే ఉంటే? ఖాళీ పెరుగుతుంది. పైన రాయి వంతెనలా వంపు తిరిగి నిలబడుతుంది. ఒకరోజు ఆ వంతెన మొత్తం ఒక్కసారిగా పడుతుంది. లోపలున్న గాలికి పోయే దారేది? సొరంగాలు. సైకిలు పంపు నొక్కినట్టే, కాకపోతే పిస్టన్ బరువు లక్షల టన్నులు.

ఆస్ట్రేలియాలోని నార్త్‌పార్క్స్‌లో 1999 నవంబరు 24న జరిగిందిదే. కూలడం మొండికేస్తే రాతిలోకి నీటిని ఒత్తిడితో పంపి పగుళ్ళు తెప్పించడం లాంటి ప్రయత్నాలు కూడా చేసిన గని అది. లోపల పెద్ద ఖాళీ ఉందన్న సంగతి రహస్యమేం కాదు. ఒక్కసారిగా కూలింది, గాలి సొరంగాల్లోకి దూసుకొచ్చింది, నలుగురు చనిపోయారు. ఆ తర్వాతే కుప్పకీ కప్పుకీ మధ్య ఖాళీని నిరంతరం కొలవడం, గుహలోకి తెరుచుకున్న పాత సొరంగాలన్నిటినీ గట్టిగా మూసెయ్యడం అనే విషయాలు పరిశ్రమకి బుర్రకెక్కాయి. నలుగురి ప్రాణాలు ఖరీదుగా నేర్చుకున్న పాఠం. గాలికి దారి ఉంటే ఆ దారినే వస్తుందని తెలియడానికి అంత ఖరీదు పెట్టాలా?

రెండు: బురద

మడ్ రష్‌కి నాలుగు కావాలి. మెత్తటి పొడి, నీరు, కదిలించే ఏదో ఒక కుదుపు, బయటికి దారి. బ్లాక్ కేవింగ్ ఈ నాలుగింటినీ తనే తయారు చేసుకుంటుంది. వందల మీటర్లు దొర్లుకుంటూ దిగే రాయి నలిగి పొడవుతుంది. కూలిన గుంట వాన నీటికి గరాటు అవుతుంది. లోడరు తియ్యడమే కుదుపు. డ్రాపాయింటే దారి.

గ్రాస్‌బెర్గ్ పపువా కొండల్లో ఉంది, ఏడాదికి మీటర్ల లెక్కన వాన పడే చోటు. అక్కడ దశాబ్దాల పాటు పైన బ్రహ్మాండమైన గొయ్యి తవ్వారు. 2019లో అది ముగిశాక సరిగ్గా దాని కిందే బ్లాక్ కేవ్ నడుస్తోంది. 2025 సెప్టెంబరు 8న సుమారు 8 లక్షల టన్నుల తడి పదార్థం ఒక్కసారిగా కిందికొచ్చింది. ఇరవై టన్నుల లారీలైతే నలభై వేల లారీలు. అది డ్రాపాయింటు దగ్గరే ఆగలేదు, అనేక అంతస్తుల్లోకి పాకింది. చనిపోయిన ఏడుగురూ ఖనిజం ఎత్తేవాళ్ళు కారు, వేరే అంతస్తులో పని చేసుకుంటున్నవాళ్ళు. అందరి మృతదేహాలూ దొరకడానికి నెల రోజులు పట్టింది.

న్యాయంగా చెప్పుకోవాలి: తడి డ్రాపాయింట్ల దగ్గర మనిషిని పెట్టకుండా రిమోట్ లోడర్లతో ఎత్తడంలో ఆ గనులవాళ్ళే ప్రపంచానికి ముందున్నారు. ఇంత పెద్దది దశాబ్దాల్లో చూడలేదని కంపెనీ చెప్పింది. పరిమాణం వరకు నిజమే కావచ్చు. కానీ రకం కొత్తదా? దక్షిణాఫ్రికా వజ్రాల గనుల్లో మడ్ రష్‌ల చరిత్ర వందేళ్ళ పైమాట. 1970 సెప్టెంబరు 25న జాంబియాలోని ముఫులిరా గనిలో, పైన పోసిన టైలింగ్స్ బురద కిందికి దిగి 89 మంది చనిపోయారు. పైన తడి, కింద ఖాళీ, మధ్యలో మనుషులు. బొమ్మ అదే, సంవత్సరాలే వేరు.

సర్వర్ల లోడు గతంలో ఎన్నడూ లేనంత పెరిగి సైటు పడిపోతే, "ఇంత ట్రాఫిక్ ఎప్పుడూ చూడలేదు" అని మీ మేనేజరు దగ్గర అనండి చూద్దాం. చూసినంతే వస్తుందని ఎవడు డిజైన్ చెయ్యమన్నాడు అంటాడు. సైటు పడిపోతే ఊరుకోని మనం, కొండ పడిపోతే ఊరుకుంటాం.

మూడు: రాయి పేలడం

కిలోమీటరు లోతున రాయి అన్నివైపుల నుంచీ నొక్కుడులో ఉంటుంది. మీరు అడుగున కోత కోస్తే ఆ బరువు మాయమవదు, పక్కకి తప్పుకుంటుంది. అంటే కోత అంచుకి ముందున్న రాతి మీద, అక్కడి సొరంగాల మీద అదనంగా పడుతుంది. మెత్తటి రాయైతే నెమ్మదిగా నలుగుతుంది. గట్టి రాయైతే భరించి భరించి ఒక్కసారిగా పేలుతుంది. సొరంగం గోడ తుపాకి గుండులా వస్తుంది. అదే రాక్‌బర్స్ట్.

ఎల్ టెనియెంటె చిన్నాచితకా గని కాదు. 1905 నుంచి ఉంది, సొరంగాలన్నీ కలిపితే 4,500 కిలోమీటర్లు. 1990ల మొదట్లోనే సబ్-6 అనే భాగంలో రాక్‌బర్స్టుల దెబ్బకి పని ఆపెయ్యాల్సొచ్చింది. అక్కడి ఇంజనీర్లు ఆ దెబ్బతోనే సెన్సార్ల జాలం పరిచారు, కోత వరస మార్చారు, ముందే నీటి ఒత్తిడితో రాయిని పగలగొట్టి శక్తిని చిన్న చిన్న వాయిదాల్లో బయటికి రప్పించడం నేర్చుకున్నారు. లోకానికి పాఠం చెప్పినవాళ్ళు వాళ్ళు. అలాంటి చోటే 2025 జులై 31న 4.2 తీవ్రతతో భూమి కదిలి, కొత్త భాగం కట్టే పనిలో ఉన్న ఆరుగురు చనిపోయారు. అంతకుముందు 2017 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని కాడియాలో 4.3 వచ్చింది, ప్రాణాలు పోలేదు. 2020 మే 18న స్వీడన్‌లోని కిరునా ఇనుప గనిలో 4.9. అదీ కేవింగ్ గనే, సబ్‌లెవెల్ రకం.

ఆ ప్రకంపన ప్రకృతి తెచ్చిందా, గని తెచ్చిందా అని పండితులు వాదించుకోవచ్చు. నా ప్రశ్న వేరు. ఎప్పుడు పేలుతుందో చెప్పలేమని ముప్ఫై ఏళ్ళుగా తెలిసినప్పుడు, ఒకవైపు కొండని కూలుస్తూ, దాని ఒత్తిడి చేరే దూరంలో ఇంకోవైపు మనుషుల చేత సొరంగాలు తవ్వించే షెడ్యూలు ఎవరు వేస్తున్నారు? రాయి కాదుగా!

నెపం రాయి మీద

ఇక్కడే ఇంకో తమాషా చెప్పాలి. మంగోలియాలోని గోబీ ఎడారిలో ఓయూ టోల్గోయ్ అనే గని ఉంది. నేల కింద 1.3 కిలోమీటర్ల లోతున బ్లాక్ కేవింగ్. 2019లో కంపెనీ, రాతి పరిస్థితులు అనుకున్నట్టు లేవు, డిజైన్ మార్చాలి, ఆలస్యమవుతుంది, ఖర్చు పెరుగుతుంది అని ప్రకటించింది. 530 కోట్ల డాలర్ల ప్రాజెక్టు దాదాపు 700 కోట్లు దాటింది. పాపం, రాయి మోసం చేసిందనుకున్నారు అందరూ. తర్వాత స్వతంత్ర నిపుణుల చేత విచారణ చేయిస్తే, 2021లో తేలిందేమిటి? ఆ ఆలస్యానికీ ఖర్చుకీ రాయి కారణం కొంతే, పెద్ద వాటా నిర్వహణ లోపాలదేనని.

అదృష్టవశాత్తూ అక్కడ పోయింది డబ్బు. కానీ అలవాటు చూడండి. రాయికి నోరు లేదు, లాయరు లేడు, యూనియను లేదు. తప్పు దాని మీద వేస్తే తిరిగి మాట్లాడదు. మన ఆఫీసుల్లో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాడి మీద బగ్గులన్నీ వేసేసినట్టు.

"ఏఐ పెట్టొచ్చుగా?"

గ్రాస్‌బెర్గ్ వార్త వచ్చినప్పుడు మనోళ్ళలో నేను విన్న మొదటి మాట ఇదే. సెన్సార్లు పెట్టి, డేటా క్లౌడ్‌లోకి ఎక్కించి, ఒక మోడల్ ట్రైన్ చేస్తే ముందే చెప్పేస్తుందట. అయ్యా, సెన్సార్లు ఎప్పుడో పెట్టారు. రాతిలో చిటపటలు వినే జియోఫోన్లు, కూలిన రాయితో పాటు దొర్లే బీకన్లు, నేల కుంగడం కొలిచే ఉపగ్రహాలు, అన్నీ ఉన్నాయి. చిటపట ఎక్కడ వచ్చిందో బాగానే చెబుతాయి. పెద్దది ఎప్పుడొస్తుందో చెప్పవు. పెద్ద ప్రమాదాల ఉదాహరణలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఏ రెండు కొండలూ ఒకలా ఉండవు. చిలీ రాయి మీద నేర్చుకున్నది పపువా బురద మీద పనిచెయ్యదు.

సరే, మోడల్ అద్భుతంగా పనిచేసిందనే అనుకుందాం. రాత్రి రెండింటికి అలర్టు వచ్చింది. తర్వాత? ఆన్-కాల్ చేసినవాళ్ళందరికీ తెలుసు ఆ తర్వాత కథ. వారంలో ఇరవై ఉత్తుత్తి అలర్టులొస్తే ఇరవై ఒకటోదాన్ని నిద్రకళ్ళతో నొక్కేసి పడుకుంటాం. గనిలో ఇంకో చిక్కుంది. ఆపితే గంటగంటకీ లక్షల డాలర్లు. అలర్టు ఎవరి ఫోనుకి వెళ్తుందన్నది సమస్యే కాదు. ఎవరినీ అడక్కుండా పని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆపినందుకు వాడి బోనసు పోతుందా లేదా, ఇదీ సమస్య. దీనికి పైథాన్ లైబ్రరీ లేదు.

మన బొగ్గుబాయి సంగతి

ఇదంతా చిలీ, పపువా గొడవ అనుకోకండి. కప్పు కూల్చడం మన సింగరేణికి కొత్త కాదు. డిపిల్లరింగ్ అంటే ఏమిటి? బొగ్గు స్తంభాలు తీసుకుంటూ వెనక్కొస్తూ, వెనకాల కప్పుని కూలనివ్వడమే. అది కూలకుండా వేలాడితే అక్కడా అదే భయం, అదే గాలి దెబ్బ. అందుకే కావాలని పేల్చి కూలుస్తారు. లాంగ్‌వాల్‌లోనూ అంతే, యంత్రం ముందుకి జరిగేకొద్దీ వెనక కప్పు పడాలి. లోతు తక్కువ, రాయి వేరు, కానీ సూత్రం ఒకటే. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో ఒకరు సేఫ్టీ ఆఫీసరు. భద్రత చూడాల్సిన మనిషే రాయి కింద ఉండాల్సి రావడం కన్నా పెద్ద హెచ్చరిక ఇంకేం కావాలి? మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఆ జీతంతో చదువుకుని సాఫ్టువేరులోకి వచ్చినవాళ్ళున్నారో గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం వాళ్ళని అడగండి.

అయితే గనులు మూసెయ్యమంటావా?

అనను. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రాగి కావాలి. పై పొరల్లోది అయిపోతోంది, లోతుకి పోక తప్పదు. అంత లోతున, అంత నాసి ఖనిజాన్ని, అంత తక్కువ మందితో తియ్యగల పద్ధతి కేవింగే. ఇంకో పద్ధతిలో అంతే రాగి తియ్యాలంటే కప్పు కింద ఇంకా ఎక్కువమందిని నిలబెట్టాలేమో. ఇవన్నీ ఒప్పుకుంటాను. నేనడిగేవి నాలుగే.

ఒకటి, తెలియదని తెలిసినదాన్ని తెలియనట్టే చూడండి. ఎప్పుడు కూలుతుందో చెప్పలేనప్పుడు, కూలితే చేరే చోట మనిషి ఉండకూడదు. డ్రాపాయింటు ఒక్కటే కాదు, బురద పాకగల ప్రతి అంతస్తూ, గాలి దూరగల ప్రతి సొరంగమూ ఆ లెక్కలోకి రావాలి.

రెండు, కూల్చేచోటికీ కట్టేచోటికీ మధ్య దూరం పెట్టండి. దానివల్ల ప్రాజెక్టు రెండేళ్ళు ఆలస్యమైతే అవనివ్వండి. ఆ ఆలస్యం అసలు ఖర్చులో భాగమే, ఇన్నాళ్ళూ దాన్ని బిల్లులో చూపించకుండా కార్మికుడి ప్రాణంతో కడుతున్నారు.

మూడు, విచారణ నివేదికలూ, ప్రకంపనల డేటా బయటపెట్టండి. విమానం కూలితే నివేదిక లోకమంతా చదువుతుంది, ప్రతి విమాన సంస్థా మారుతుంది. మనం కూడా సైటు పడిపోతే పోస్ట్‌మార్టమ్ రాసి నలుగురికీ పంచుకుంటాం. గని కూలితే మాత్రం అది వ్యాపార రహస్యం ఎందుకవ్వాలి?

నాలుగు, ఆపే అధికారం రాయిని చూసేవాడికివ్వండి, టన్నులు లెక్కపెట్టేవాడికి కాదు.

ఇవేవీ కొత్త టెక్నాలజీ కాదు. అన్నీ డబ్బుతో, షెడ్యూలుతో ముడిపడ్డ నిర్ణయాలు. కిరునాలో నేల కుంగుతుందని తెలిసి, ఊరినే పక్కకి జరుపుతున్నారు. 2025 ఆగస్టులో వందేళ్ళ నాటి చెక్క చర్చిని చక్రాల మీద ఎక్కించి ఐదు కిలోమీటర్లు లాక్కెళ్ళారు. ఒక్క పలక ఊడకూడదని రోడ్లు వెడల్పు చేశారు, రెండు రోజులు నత్తనడక నడిపించారు. చర్చి కోసం అంత ఓపిక పట్టగలిగిన పరిశ్రమ, సొరంగంలో ఉన్న మనిషి కోసం పట్టలేనంటే నేను నమ్మను.

మనమేం చెయ్యగలం అంటారా? మనలో కొందరు ఈ గనుల కంపెనీలకే డ్యాష్‌బోర్డులు రాస్తున్నారు. కొందరు వాటి షేర్లు కొంటున్నారు. గ్రాస్‌బెర్గ్ ఆగిపోగానే రాగి ధర ఎంత పెరిగిందో లెక్కేసినవాళ్ళు నాకు తెలుసు, ఎంతమంది పోయారో వాళ్ళకి తెలీదు. డ్యాష్‌బోర్డు రాసేవాళ్ళు "ఆపు" అనే బటన్ ఎవరికిస్తున్నారో ఒకసారి క్లయింటుని అడగండి. షేర్లు కొనేవాళ్ళు "ఊహించని" అనే మాట కనబడిన చోటల్లా, మరి ఊహించడానికి ఎంత ఖర్చుపెట్టారని అడగండి. మైనింగ్ చదివినవాళ్ళెవరైనా ఉంటే కామెంట్లలో నన్ను దులిపెయ్యండి, సంతోషం. "అది ఎవరి చేతుల్లోనూ లేదు" అని మాత్రం రాయకండి. అండర్‌కట్ కోసింది చేతులే.